రేపు రండి అన్న బ్యాంకు

మా బ్యాంకులో పని ఎంత నెమ్మదిగా సాగేదో చెబితే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ రోజుల్లో మేమూ నవ్వుకునేవాళ్ళం. మండపేటలో మెయిన్ రోడ్డు మీద ఓ మిల్లుదారుగారి మేడ కింద ఉండేది మా బ్రాంచి. పొద్దున్నే తలుపులు తీసేవాళ్ళం. తీసిన పాపానికి లోపలికి వచ్చినవాళ్ళ వంక, మాకేదో ద్రోహం తలపెట్టి వచ్చినట్టు చూసేవాళ్ళం. డబ్బు కట్టాలన్నా, తీసుకోవాలన్నా ఇత్తడి టోకెను పట్టుకుని బల్ల మీద కూర్చోవాలి. ఫ్యాను ఉండేది, దాని గాలి మా వైపే వచ్చేది. కూర్చుని కూర్చుని విసుగెత్తి ఎవరైనా లేచి వచ్చి అడిగితే మా దగ్గర సిద్ధంగా ఒక మాట ఉండేది: "రేపు రండి." అది కేషియరుగారు ఒక రాగంలో అనేవారు, మేనేజరుగారు ఇంకో రాగంలో అనేవారు. నేను బంగారం లోన్ల కౌంటరులో గుమస్తాని. నాకూ ఒక రాగం ఉండేది.

రేపంటే నిజంగా రేపని ఎవరూ అనుకునేవారు కాదు. "ఆయ్, అలాగేనండి" అని లేచి, కండువా దులుపుకుని వెళ్ళి, వీలున్నప్పుడు మళ్ళీ వచ్చేవారు. గోదావరి జిల్లాల్లో మనిషిని ఎంత తిప్పినా "అండి" చేర్చి తిప్పితే పెద్దగా గొడవ పడరు. ప్రభుత్వ బ్యాంకు, ప్రభుత్వ జీతం, అడిగేవాడెవడు? మేమందరం హాయిగా ఉండేవాళ్ళం.

ఇక బంగారం సంగతి. బంగారం తాకట్టు పెట్టారంటే ఇంట్లో ఏదో అవసరం మీద పడిందనే అందరూ అనుకుంటారు. మా ఊరి ఆడవాళ్ళు దానికి ఇంకో వాడకం కనిపెట్టారు. బ్రాంచిలో లాకర్లు కొన్నే ఉండేవి, అవన్నీ మిల్లుదార్ల ఇళ్ళవాళ్ళవి. ఒక్కటి ఖాళీ కావాలంటే ఆ ఇంట్లో వారసులెవరూ మిగలకూడదు. అందుకని మా ఆడవాళ్ళు పది కాసుల నగ పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టి, "రెండొందలు లోనివ్వండి చాలు" అనేవారు. నగని సంచిలో పెట్టి, సీలు వేసి, స్ట్రాంగ్ రూములో పెట్టేవాళ్ళం. ఏడాదికి దాని మీద వడ్డీ ఇంటిల్లిపాదీ ఒక్కసారి సినిమాకి వెళ్ళినంత కూడా కాదు. దొంగల భయం లేదు, ఆడపడుచు పెళ్ళికి పెట్టుకుంటానని ఎరువు అడుగుతుందన్న భయం అంతకన్నా లేదు. దీన్ని మా ఊళ్ళో "పడుకోబెట్టడం" అనేవారు. "గాజులు పడుకోబెట్టి వచ్చేనండి" అని ఒకావిడ అంటే, "మాదీ పడుకునే ఉందండి" అని రెండో ఆవిడ అనేది. లోను కట్టేసి నగ విడిపించుకోమని మేం అడిగేవాళ్ళం కాదు. ఏడాదికోసారి వడ్డీ కట్టించుకుని తిరగరాసేవాళ్ళం.

అలా పడుకోబెట్టినవాళ్ళలో పిన్నిగారు ఒకరు. మిల్లుల సందు మొదట్లో రేకుల షెడ్డులో మెస్సు నడిపేవారు. లారీ డ్రైవర్లు, మిల్లు గుమస్తాలు, మా బ్యాంకు వాళ్ళం, అందరం ఆవిడ చేతి వంటే తినేవాళ్ళం. మా ఆయన ఉద్యోగం జంగారెడ్డిగూడెంలో. ఆదివారం తప్ప ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి నాకు రెండు పూటలా ఆ మెస్సు క్యారేజీయే గతి. ఊరంతా ఆవిడని పిన్నిగారు అంటే నేనూ అలాగే అన్నాను. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి సంపాదించిన డబ్బుతో ఆవిడ ఒక కాసులపేరు, నాలుగు గాజులు చేయించుకున్నారు. ఒక్క పెళ్ళికి కూడా వేసుకెళ్ళలేదు. మెస్సు ఉన్న స్థలం కొనుక్కోవాలన్నది ఆవిడ పంతం. స్థలం వాళ్ళు అమ్ముతామన్నారు, ఆవిడకే ఇస్తామన్నారు. వాళ్ళ అన్నదమ్ముల పంపకాలు తేలేదాకా ఆగమన్నారు. ఆ పంపకాలు తేలేలోపు బంగారాన్ని మొగుడి చేతికి చిక్కకుండా దాచడమే ఆవిడ బాధ.

ఆ మొగుడుగారు చూడ్డానికి ఎంత పెద్దమనిషో! ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నుదుట బొట్టు, మాటకి ముందొక ఆయ్, వెనకొక అండి. పేకాట క్లబ్బులో ఆయనకి ప్రత్యేకంగా కుర్చీ ఉండేది. ఇంట్లో మాత్రం కుర్చీలు కూడా మిగల్లేదు. ఇత్తడి బిందెలు వెళ్ళాయి, ఫ్యాను వెళ్ళింది, రుబ్బురోలు ఎవరూ కొనలేదు కాబట్టి మిగిలింది. పిన్నిగారి వరస చొప్పున నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. మనసులో ఇంకోటి అనేదాన్ని, అది ఇక్కడ రాయను.

చేతిలో ముక్కలు సరిగ్గా పడని వారాల్లో ఆయన పిన్నిగారిని వెంటబెట్టుకుని బ్యాంకుకి వచ్చేవారు.

"ఆయ్, మేడంగారూ, చిన్న పనండి. ఆ పాత లోను కట్టేసి, అదే బంగారం మీద పెద్ద లోను తీసుకుందామనండి. మా ఆవిడ కూడా వచ్చేసింది, సంతకం పెట్టేస్తదండి."

వెనకాల పిన్నిగారు తల వంచుకుని నిలబడేవారు. ఇంట్లో ముందురోజు ఏం జరిగిందో ఆవిడ మోచెయ్యి చూస్తే తెలిసేది.

"దానికేముంది బాబాయిగారూ, తప్పకుండా!" అనేదాన్ని. "కాకపోతే బంగారం చూసే ఆచారిగారు శుక్రవారం గాని రారండి. రేపు కాదు, శుక్రవారం రండి."

శుక్రవారం ఆచారిగారు ఉంటే మేనేజరుగారు ఉండేవారు కాదు. అంటే ఉండేవారు, అద్దాల గదిలో పేపరు మొహానికి అడ్డంగా పట్టుకుని కూర్చునేవారు. "స్ట్రాంగ్ రూముకి తాళాలు రెండండి. ఒకటి కేషియరుగారి దగ్గర, రెండోది మేనేజరుగారి దగ్గర. ఆయన కాకినాడ మీటింగుకి వెళ్ళారండి" అని నేను చెబుతుంటే, ఆ కాకినాడ మీటింగు పేజీ తిప్పిన చప్పుడు మా అందరికీ వినబడేది. ఇంకోసారి కేషియరుగారు తన తాళం చెవి రామచంద్రపురంలో వియ్యాలవారింట్లో మర్చిపోయారు. ఆయనకి ఇద్దరూ కొడుకులే, ఇద్దరూ అప్పటికి హైస్కూలు. వియ్యాలవారెక్కణ్ణించి వచ్చారని అడిగినవాళ్ళు లేరు.

బాబాయిగారికి క్లబ్బులో ఆట మొదలయ్యే వేళ దాటిపోతుండేది. పేకాట మనిషికి ఎంత ఓపికున్నా బ్యాంకులో కూర్చునేంత ఉండదు. "ఇదేం బ్యాంకండీ బాబూ! ఇంత బద్ధకం నేనెక్కడా చూళ్ళేదండి" అని లేచిపోయేవారు. ఒకసారి ఫిర్యాదు రాసి పెట్టెలో కూడా వేశారు. ఆ పెట్టె తాళం చెవి నిజంగానే పోయింది. మా బ్రాంచి వాళ్ళం అందరం ఒక్క మాట మీద నిలబడి, ఇష్టంగా, శ్రద్ధగా చేసిన పని నా సర్వీసు మొత్తంలో ఇదొక్కటే.

ఇంతలో ఢిల్లీలో ఏవో తలుపులు తీశారన్నారు. సరళీకరణ అన్నారు. యూనియన్ నాయకుడు గేటు దగ్గర మీటింగు పెట్టి దాన్ని గంటసేపు తిడితే, మా కేషియరుగారు చెయ్యెత్తి, "సరళమంటే తేలిక కదండీ, ఇంతకీ ఎవరికి తేలికండీ?" అని అడిగారు. ఈలోగా పకోడీలు వచ్చాయి. మాకు అర్థమైనంతలో, బ్యాంకులు ఇకమీదట పోటీ పడాలట, లాభాలు చూపించాలట, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడాలట. అప్పటిదాకా కూర్చునే ఉన్నాం కనుక నిలబడమనేసరికి కంగారు పుట్టింది. కొన్నేళ్ళకి వాలంటరీ రిటైర్మెంటు వచ్చింది. పని తెలిసినవాళ్ళు డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు. మేం మిగిలాం, సామర్థ్యం పెంచడానికి.

మా సామర్థ్యం ఎంతో కొలవడానికి బొంబాయి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మెడలో టై, చేతిలో స్టాప్‌వాచీ. మండపేట ఎండలో ఆ టైని చూసి మాకే ఊపిరాడలేదు. నా కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఓ మామ్మగారు వడ్డీ కట్టడానికి వచ్చారు. "బాగున్నారా మామ్మగారూ, మోకాలు ఎలా ఉంది?" అన్నాను. కుర్రాడు వాచీ నొక్కాడు. మామ్మగారు మోకాలి గురించి మొదలుపెట్టి, కోడలి మీదుగా కాలవ నీళ్ళ దాకా వచ్చి, అప్పుడు కొంగు ముడి విప్పారు. కుర్రాడి మొహం పాలిపోయింది. విషయంతో సంబంధం లేని సంభాషణ అని ఇంగ్లీషులో రాసుకున్నాడు. మామ్మగారు అతని వంక చూసి, "ఎవరి పిల్లాడమ్మా, అన్నం తిన్నట్టు లేడు" అన్నారు. పాపం, దానికీ వాచీ నడిచింది.

అసలు కథ మా బంగారం లోన్లు చూసినప్పుడు జరిగింది. పది కాసుల మీద రెండొందలు. పన్నెండు కాసుల మీద మూడొందలు. అలాంటివి ఊరి నిండా. కుర్రాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంత ఘోరమైన పేదరికం నేనెక్కడా చూడలేదు. రెండు వందల రూపాయల కోసం ఆడవాళ్ళు ఒంటి మీది బంగారమంతా ఊడదీసి ఇస్తున్నారు" అన్నాడు. మండపేటలో పేదరికం! బయట రోడ్డు మీద బియ్యం లారీలు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొడుతున్నాయి. మేనేజరుగారు గంగిరెద్దులా తలూపి, "వెరీ పూర్ సార్, వెరీ పూర్" అన్నారు. పై నుంచి వచ్చినవాడు ఏమన్నా ఔననడం ఆయన పాలసీ.

నేను ఉండబట్టలేక నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. వీళ్ళు అప్పు కోసం రాలేదు బాబూ, దాచుకోవడానికి వచ్చారు అన్నాను. "దాచుకోవడానికి అప్పు చేస్తారా?" అన్నాడు. ఔనన్నాను. అతను నా వంక జాలిగా చూసి, అది కూడా రాసుకున్నాడు.

రెణ్ణెల్లు తిరక్కుండా సర్క్యులర్ దిగింది. చిన్న చిన్న బంగారం లోన్ల వల్ల ఖర్చే గాని లాభం లేదు, ఐదు వేలకి తక్కువున్న లోన్లన్నీ కట్టించుకుని నగలు ఇచ్చేయండి, లేదా లోను పెంచండి. నెలాఖరు గడువు. గేటుకి బోర్డు కూడా కట్టమన్నారు. ఇరవయ్యేళ్ళలో మా బ్రాంచి గేటుకి వేళకి కట్టిన బోర్డు అదే. క్లబ్బుకి వెళ్ళేవాళ్ళంతా దాని ముందునుంచే వెళ్ళాలి.

నేను మేనేజరుగారి గదిలోకి వెళ్ళాను.

"సార్, ఇవి అప్పులు కావండి. వాళ్ళు దాచుకున్నవి."

"నాకు తెలీదా అమ్మా! మా అత్తగారి వడ్డాణం కూడా అందులోనే ఉంది. పైవాళ్ళకి ఎవరు చెబుతారు?"

"మీరే చెప్పాలి సార్."

"నాకు వచ్చే నెల ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉందమ్మా" అన్నారు. నిజం చెప్పినందుకు ఆ ఒక్కసారికి మెచ్చుకోవాలి.

పిన్నిగారు మధ్యాహ్నం మెస్సు కడిగించి వచ్చారు. విషయం చెప్పాను. లోను ఐదు వేలకి పెంచుకుంటే బంగారం ఇక్కడే ఉంటుందన్నాను.

"ఐదు వేలు ఎక్కడ పెట్టనండి మేడంగారూ? గుమ్మంలో అడుగెట్టేసరికి వాసన పట్టేస్తాడండి. ఆ డబ్బులు పోయాక వడ్డీ ఎవరు కడతారండి?"

"పోనీ ఇక్కడే సేవింగ్స్‌లో వేసుకోండి."

"చెక్కు మీద సంతకం పెట్టించడం ఆయనకో లెక్కా అండి? ఒక్క దెబ్బ. బంగారమైతే మీరు రేపు రండి, ఎల్లుండి రండి అంటారని ఊరుకుంటున్నాడండి."

మేనేజరుగారిని లాకరు అడిగాను. ఖాళీ లేదు, ఉన్నా ముందు పెద్ద మొత్తం డిపాజిట్ వేయాలన్నారు. "అంత డబ్బే ఉంటే స్థలమే కొనుక్కుందునండి" అని పిన్నిగారు నవ్వారు. ఆఖరికి మా ఇంట్లో పెట్టండి అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "వద్దండి. తవరొక్కరే ఉంటారు. వచ్చి మీ గుమ్మంలో నిలబడి నానా మాటలూ అంటాడండి. నా మూలంగా మీకెందుకండి" అన్నారు. ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

ఆ రోజు మా బ్రాంచికి ఎక్కణ్ణించి వచ్చిందో ఆ చురుకు! ఆచారిగారు ఉన్నారు. మేనేజరుగారు సీట్లో ఉన్నారు. రెండు తాళాలూ ఒక్కసారే దొరికాయి. లోను కట్టించుకుని, టీ చల్లారేలోగా బంగారం ఆవిడ చేతిలో పెట్టేశాం. ఆవిడ దాన్ని క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకుని, పైన ఖాళీ గిన్నెలు సర్దుకుని వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ప్యూను మీద అరిచాను.

అప్పటికి మా బ్రాంచికి ఎదురుగా కొత్త ప్రైవేటు బ్యాంకు తెరిచి కొన్ని నెలలైంది. అద్దాల తలుపు, ఏసీ, యూనిఫారం వేసుకున్న ఆడపిల్లలు. ఐదు నిమిషాల్లో బంగారం మీద లోను అని బయట బ్యానరు. మేం నమ్మలేదు. ఐదు నిమిషాల్లో మేం కళ్ళజోడు కూడా వెతుక్కోలేం.

పట్టుమని పది రోజులు కాలేదు, బాబాయిగారు మా బ్యాంకులోకి వచ్చారు. ఒక్కరే వచ్చారు. కొత్త చొక్కా, సెంటు వాసన. నా కౌంటరు ముందు కుర్చీలో తాపీగా కూర్చున్నారు.

"ఆయ్, మేడంగారూ, ఏమీ అనుకోకండి, మీ మంచికే చెప్తున్నానండి. ఎదురుగా ఆ బ్యాంకుకెళ్ళి ఓపాలి చూసి నేర్చుకోండి. ఎల్లగానే కూల్‌డ్రింక్ ఇచ్చేరండి. మీదేనా అండి అన్నారు. నాదేనన్నాను. అయిపోయిందండి. నిజంగా ఐదు నిమిషాలే. ఇదిగోండి, పెన్ను కూడా ఇచ్చేరు."

"పిన్నిగారు వచ్చారా మీతో?"

"ఆవిడెందుకండి? బియ్యం డ్రమ్ములో ఉన్నదానికి ఆవిడ సంతకం ఎందుకండి?" అని నవ్వారు. పెన్ను నా బల్ల మీద పెట్టి, "ఉంచుకోండి, పనికొస్తది" అని లేచి వెళ్ళిపోయారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పెన్ను తీసి డ్రైనులో పారేశాను. భోజనాల వేళకి పిన్నిగారిని తీసుకుని ఎదురు బ్యాంకుకి వెళ్ళాను. యూనిఫారం పిల్ల లేచి నిలబడి నమస్కారం పెట్టింది. మాకూ కూల్‌డ్రింక్ తెచ్చింది. పిన్నిగారు గ్లాసు ముట్టుకోలేదు.

"అది నా బంగారమమ్మా. నేను చేయించుకున్నానమ్మా" అన్నారు.

పిల్ల కంప్యూటరులో చూసింది. "సారీ మేడమ్, సిస్టంలో సార్ పేరుందండి. సార్ వస్తే ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తామండి."

"ఆయన రాడమ్మా."

"అయితే మేమేం చెయ్యలేమండి" అంది. పాపం, చాలా మర్యాదగానే అంది. మేనేజరుని అడిగితే ఆయన మరింత మర్యాదగా అన్నారు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, రేపు రండి అంటారేమోనని నేను ఆశపడ్డాను. ఆ బ్యాంకులో ఆ మాట లేదు. ఏడాది తిరగ్గానే నోటీసు వెళ్ళింది, గడువు దాటగానే వేలం వేశారు. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. అంత పద్ధతి గల బ్యాంకు అది.

తర్వాత కొన్నాళ్ళకే స్థలం వాళ్ళ పంపకాలు తేలాయి. స్థలాన్ని ఒక మిల్లుదారు కొన్నాడు. పిన్నిగారిని అక్కడే ఉండనిచ్చి అద్దె పెంచాడు. బాబాయిగారి కుర్చీ క్లబ్బులో అలాగే ఉంది.

మేం కూడా మారాం. కంప్యూటర్లు వచ్చాయి, టోకెన్లు పోయాయి. ఆచారిగారు రోజూ వస్తున్నారు. పెద్ద పెద్ద బంగారం లోన్లు పదిహేను నిమిషాల్లో ఇస్తున్నాం. మామ్మగారు మోకాలి గురించి మొదలుపెట్టేలోపే రసీదు చేతిలో పెట్టి పంపేస్తున్నాం. మొదట్లో ఆవిడ నొచ్చుకున్నారు, తర్వాత రావడం మానేసి మనవణ్ణి పంపిస్తున్నారు. జోన్ మొత్తానికి సామర్థ్యంలో మా బ్రాంచే ఫస్టని షీల్డు ఇచ్చారు. ఇవ్వడానికి జోనల్ మేనేజరుగారు స్వయంగా వచ్చారు. దండలు, ఫోటోలు, ఉపన్యాసం. పెద్దాయనకి ఊరి భోజనం పెట్టాలని మా మేనేజరుగారు మెస్సుకి చెప్పారు. హాల్లో బల్లలు కలిపి అరటాకులు వేశారు. పిన్నిగారే వచ్చి వడ్డించారు.

పెద్దాయన ముద్దపప్పు, ఆవకాయ మళ్ళీ మళ్ళీ వేయించుకుని తిన్నారు. తృప్తిగా తల పైకెత్తి, పక్కన గరిటె పట్టుకుని నిలబడ్డ పిన్నిగారిని చూశారు. ఆవిడ మెడలో పసుపు తాడొక్కటే ఉంది.

"ఏమ్మా, ఇంత బాగా వండుతున్నారు, మీ మెస్సు రేకుల షెడ్డులోనట, ఇంకా ఎన్నాళ్ళని అక్కడే ఉంటారు? మా బ్యాంకుకి రండి. బంగారం పెట్టండి, పదిహేను నిమిషాల్లో లోను ఇస్తారు మావాళ్ళు. స్థలం కొనుక్కోండి, మెస్సు పెద్దది చేసుకోండి!"

మా మేనేజరుగారు ఆకులోకి చూస్తున్నారు. కేషియరుగారు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి దింపలేదు.

పిన్నిగారు మెల్లిగా అడిగారు.

"ఏం పెట్టమంటారండి?"

పెద్దాయన ఆకు వంక చూసుకున్నారు. "ఇంకేం వద్దమ్మా, పెరుగు పెట్టండి చాలు" అన్నారు.

పిన్నిగారు ఆయనకి పెరుగు వేసి పక్క ఆకు దగ్గరికి జరిగారు.